ఫైలులో లేని సంజాయిషీ

మా బరంపురంలో తెలుగు చదివేవాళ్ళం ఓ పదిమందిమి నెలకొక ఆదివారం ఎవరో ఒకరింట్లో కూర్చుని, చదివిన పుస్తకం గురించి మాట్లాడుకుంటూ ఉంటాం. ఆ సభకి పేరూ లేదు, అధ్యక్షుడూ లేడు. టీ మాత్రం ఉంటుంది. కిందటి నెల నా వంతు వచ్చింది. బ్రామ్ స్టోకర్ రాసిన ‘డ్రాక్యులా’ గురించి మాట్లాడతానన్నాను. అన్నానో లేదో రెండు పక్కలనుంచీ నా మీద పడ్డారు.

రిటైరైన మాస్టారొకరు, “ఏమోయ్, నెత్తురు తాగే శవం కథ తప్ప నీకు ఇంకేం దొరకలేదా? ఇక్కడ మనం తెలుగు నిలబెట్టుకోవటానికే కిందా మీదా పడుతున్నాం. ‘తులసిదళం’ రోజుల్లో క్షుద్ర సాహిత్యమని గోల పెట్టింది మనమే గదా! తెలుగులో తప్పయింది ఇంగ్లీషులో ఒప్పయిపోయిందా?” అన్నారు. ఇంజనీరింగు చదువుతున్న కుర్రవాడొకడు, “అంత సీరియస్‌గా తీసుకోకండి బాబాయ్. అది ఉత్త కథ. చదివామా, భయపడ్డామా, పక్కన పెట్టామా, అంతే” అన్నాడు.

ఇద్దరూ నా మీద అభిమానం ఉన్నవాళ్ళే. ఇద్దరి మాటా నేను ఒప్పుకోను. ఆ రోజు టీ చల్లారేలోగా చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను. నేను సాహిత్యం చదువుకున్నవాణ్ణి కాను. బి.కాం. పాసై, ముప్ఫయ్యేళ్ళుగా బ్యాంకులో ఫైళ్ళు తిరగేస్తున్నవాణ్ణి. కాబట్టి నవలని కూడా ఫైలు చదివినట్టే చదువుతాను. తప్పయితే పెద్దలు దిద్దవచ్చు.

ముందు మాస్టారికి జవాబు.

ఈ నవల 1897లో లండన్‌లో అచ్చయింది. రాసినాయన ఐర్లండువాడు. డబ్లిన్‌లో సర్కారు కొలువు చేశాడు. డ్రాక్యులా కన్నా పద్ధెనిమిదేళ్ళ ముందు, 1879లో, ఐర్లండులోని చిన్న కోర్టుల గుమాస్తాలు తమ విధులు ఎలా నిర్వర్తించాలో చెప్పే పుస్తకమొకటి వేశాడు. లండన్ చేరి లైసియం అనే నాటకశాలకి లెక్కలూ వ్యవహారాలూ చూసే మేనేజరుగా ఏళ్ళ తరబడి పనిచేశాడు. ఆ గుమాస్తా బుద్ధి నవల పొడుగునా కనిపిస్తుంది. ఇందులో కథ చెప్పేవాడంటూ ఒకడు లేడు. ఉన్నవన్నీ కాగితాలే. డైరీలు, ఉత్తరాలు, టెలిగ్రాములు, పత్రికల కత్తిరింపులు, ఓడ కెప్టెన్ రాసుకున్న లాగు పుస్తకం, ఒక డాక్టరు ఫోనోగ్రాఫులో చెప్పి పెట్టుకున్న మాటలు. మీనా అనే అమ్మాయి వీటన్నిటినీ టైపు కొట్టి, తేదీల వరసలో పేర్చి ఒక ఫైలు చేస్తుంది. ఆ ఫైలు తయారయ్యాకే వేటగాళ్ళకి దారి దొరుకుతుంది.

దెయ్యాన్ని పట్టించేది ఉత్త మంత్రాలు కాదు, రవాణా బిల్లులు కూడానూ. డ్రాక్యులా తన సొంత నేల మట్టి నింపిన యాభై పెట్టెలతో ఇంగ్లండు వస్తాడు. ఆ పెట్టెలు ఏ రేవులో దిగాయి, ఏ రైలెక్కాయి, ఏ బండివాడు ఏ ఇంటికి చేర్చాడు అన్నది ఇన్వాయిసులు చూసి, కూలీలని అడిగి ఒక్కొక్కటే తేల్చుకుంటారు. డిగ్రీ చదివే రోజుల్లో మొదటిసారి ఈ పుస్తకం పట్టుకున్న రాత్రి నేను నిద్రపోలేదు. భయంవల్ల కాదు. ఆ యాభై పెట్టెల లెక్క సరిపోతుందా లేదా అన్న ఆత్రంవల్ల. ఇంత పట్టుతో కథ నడిపిన పుస్తకాన్ని చెత్త అని పక్కకి నెట్టటం కుదరదు మాస్టారూ. తులసిదళం రోజుల్లో మనవాళ్ళ భయం, జనం చేతబడిని నమ్మేస్తారని. డ్రాక్యులా చదివి ఇంటి గుమ్మానికి వెల్లుల్లి కట్టినవాణ్ణి నేను చూడలేదు. ఈ పుస్తకంలో ఇబ్బంది నెత్తురు దగ్గర లేదు. వేరే చోట ఉంది.

ఇక కుర్రవాడికి జవాబు. ఇబ్బంది ఎక్కడుందో అతనికే చెప్పాలి.

ఉత్త కథ అన్నావు. సరే. మరి ఆ ఉత్త కథ నీచేత ఏం కోరిపించింది? మూడొందల పైచిలుకు పేజీలు ఒక మనిషిని తరుముతూ పరిగెత్తావు. పొద్దు వాలేలోగా వాడి గుండెలో కత్తి దిగాలని కోరుకున్నావు. దిగితే హమ్మయ్య అనుకున్నావు. నేనూ అనుకున్నాను. ఆ వాడు ఎవడో కాస్త నిదానంగా చూద్దాం.

నవల మొదట్లో హార్కర్ అనే కుర్ర లాయరు, ఇల్లు కొనుగోలు కాగితాల పని మీద డ్రాక్యులా కోటకి వెళతాడు. అక్కడి గదిలో ఇంగ్లీషు పుస్తకాలు గుట్టలుగా ఉంటాయి. లండన్ డైరెక్టరీ, లాయర్ల జాబితా, చివరికి రైళ్ళ టైము టేబులుతో సహా. కౌంటు హార్కర్‌ని అడిగేది ఏమిటి? తనతో మాట్లాడుతూ ఉండమని, తన యాసలో ఎంత చిన్న తప్పు దొర్లినా చెప్పమని. తనకి వ్యాకరణం వచ్చు, మాటలూ వచ్చు, కాని పలికే తీరు రాదంటాడు. ఇక్కడ తాను ప్రభువు, అందరూ ఎరుగుదురు. పరాయి నేల మీద పరాయివాడు ఎవరికీ కానివాడు. లండన్ వీధిలో తన మాట విని ఎవడూ ఆగి, వీడు పైవాడురా అనకుండా ఉంటే చాలునంటాడు.

పాఠకులారా, ఈ పత్రిక చదివే మనం ఆ పేజీ దాటి ముందుకి ఎలా పోగలిగాం? హోసూరులో, బళ్ళారిలో, షోలాపురంలో, మా బరంపురంలో ఆ కోరిక ఎరగని తెలుగువాడు ఎవడైనా ఉన్నాడా? మేం ఒడిశాకి వలస వచ్చినవాళ్ళం కాము. మా ముత్తాతల నాటినుంచీ ఇదే వీధి. మద్రాసు రాజధానిలో ఉన్న మా ఊరు 1936 ఏప్రిల్ 1న కొత్తగా ఏర్పడ్డ ఒరిస్సా రాష్ట్రంలోకి వెళ్ళింది. మేం కదలలేదు, సరిహద్దు కదిలింది. ఇంకో సంగతి చూడండి. నవలలో డ్రాక్యులా తాను సేకెయ్ జాతివాణ్ణని గొప్పగా చెప్పుకుంటాడు. సేకెయ్‌లు ట్రాన్సిల్వేనియాలో ఉండే హంగేరియన్ భాషవాళ్ళు. నవల వచ్చిన నాటికి ఆ నేల హంగేరీలో ఉండేది. మొదటి ప్రపంచ యుద్ధం తరవాత 1920 జూన్ 4న జరిగిన ట్రియనాన్ సంధితో అది రుమేనియా పరమయింది. ఆ భాషవాళ్ళు ఈనాడు రుమేనియాలో అల్పసంఖ్యాకులు. వాళ్ళూ కదలలేదు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో అద్దం ముందు నిలబడి ఒడియా పలకటం సాధన చేసినవాణ్ణి నేను. మన ‘అ’ వాళ్ళ నోట ‘ఒ’ వైపు గుండ్రంగా తిరుగుతుంది. అది తిరక్కపోతే కౌంటరు అవతలివాడు ఒక్క క్షణం ఆగి మన మొహం చూస్తాడు. ఆ క్షణం లేకుండా చేసుకోవటానికి నాకు మూడేళ్ళు పట్టింది. కౌంటు కోరుకున్నదీ ఆ క్షణం లేకపోవటమే. అయినా ఆ రాత్రి నేను వేటగాళ్ళ జట్టులోనే పరిగెత్తాను, వాడి జట్టులో కాదు. కథ బలం అది. ప్రమాదం కూడా అదే.

బ్యాంకులో ఒక ఉద్యోగి మీద అభియోగం వస్తే చార్జిషీటు ఇస్తాం, సంజాయిషీ అడుగుతాం. అతని జవాబు ఫైల్లో లేకుండా శిక్ష వేస్తే ఆ ఉత్తర్వు పై మెట్టులో నిలవదు. ఆ కళ్ళతో డ్రాక్యులా ఫైలు చూడండి. అందరి వాఙ్మూలాలూ ఉన్నాయి. హార్కర్‌ది, మీనాది, డాక్టరు సీవర్డ్‌ది, లూసీది. ముద్దాయిది? హోటలుకి పంపిన నాలుగు ముక్కల స్వాగతం ఉత్తరం లాంటి ఒకటి రెండు చిన్న చీటీలు తప్ప అతను స్వయంగా రాసిన కాగితం ఫైల్లో లేదు. అతను మాట్లాడిందంతా ఇతరులు తమ డైరీల్లో రాసుకున్నదే. పోనీ, ఉన్న కాగితాలైనా ఒరిజినళ్ళా అంటే, చాలా భాగం కాదు. ఒరిజినళ్ళు కొన్ని తగలబడిపోయాయి, టైపు నకళ్ళు మిగిలాయి. ఏడేళ్ళ తరవాత రాసిన చివరి మాటలో హార్కరే ఒప్పుకుంటాడు, రుజువుగా చూపదగిన అసలు పత్రం దాదాపు ఒక్కటీ లేదని. స్టోకరు గుమాస్తా గనక ఆ లోపం దాచకుండా నమోదు చేశాడు. ఆ నిజాయితీకి నమస్కారం. కాని కథ వేగంలో దాన్ని పట్టించుకునే పాఠకులు ఎంతమంది?

నోరు లేనివాడు కౌంటు ఒక్కడే కాదు. అతనికి ఊడిగం చేసే జిప్సీలున్నారు. వాళ్ళు చట్టానికి బయట ఉన్న గుంపుగా వస్తారు, పోతారు, వాళ్ళలో ఒక్కడికీ పేరు లేదు. జిప్సీల భాష మన దేశపు భాషల సంతానమే. వాళ్ళ అయిదుకీ ఒడియావాళ్ళ ‘పంచ’కీ చుట్టరికం ఎవరికైనా వినిపిస్తుంది. గలాట్స్ రేవులో ఒక యూదు వ్యాపారి ఒక పేరాలో వస్తాడు. ముక్కు మీద ఒక వెక్కిరింత, డబ్బు మీద ఒక వెక్కిరింత, అంతటితో సరి. జిప్సీలకీ యూదులకీ హిట్లరు కాలంలో ఏం జరిగిందో తెలిసిన మనం ఆ పేరా నవ్వుతూ చదవలేం. ఆఖరికి ఫైలు తయారుచేసిన మీనాకే ఏం మర్యాద జరిగింది? ఆడదానికి ఈ భయంకర విషయాలు తగవని మగవాళ్ళంతా కలిసి ఆమెని సమావేశాలనుంచి తప్పిస్తారు. వాళ్ళు అలా ఆమెని ఒంటరిగా వదిలిన రోజుల్లోనే కౌంటు ఆమె మీద పడతాడు. ఇక లూసీ సంగతి. పెళ్ళాడవలసినవాడే ఆమె గుండెలో మేకు దిగేస్తుంటే తక్కినవాళ్ళు ప్రార్థన చదువుతారు. ఆ పేజీలో నాకు కలిగిన ఊరట గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఇది స్టోకరు ఒక్కడి దోషం కాదు, ఆ కాలపు గాలి. నవలలో కౌంటుని పుట్టు నేరస్థుల రకంగా తేల్చటానికి లోంబ్రోసో పేరు సాక్ష్యంగా తీసుకొస్తారు. మొహం చూసి నేరస్థుణ్ణి పోల్చవచ్చన్న ఇటలీ పండితుడాయన. ఆ శాస్త్రం తరవాత వీగిపోయింది. కాని ఆ గాలి మన దేశంలో చట్టమై కూర్చుంది. 1871లో వచ్చిన నేర జాతుల చట్టం కులాలకి కులాలనే పుట్టుకతో దొంగలని రిజిస్టర్లకి ఎక్కించింది. 1911 చట్టంతో అది మద్రాసు రాజధానికీ వచ్చింది. మన ఎరుకలవాళ్ళు ఆ రిజిస్టర్లలో వేలిముద్రలు వేసినవాళ్ళే. 1952లో దేశమంతటా ఆ చట్టం పోయింది. రిజిస్టరు పోయినా రాసే చెయ్యి పోయిందా? ఆ చెయ్యి ఒకటి నాదగ్గరే ఉంది. ఆ సంగతి చెప్పకుండా ఈ వ్యాసం ముగిస్తే అది నిజాయితీ కాదు.

2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను మా గోపాలపూర్ దగ్గర తీరం దాటింది. ఆ మరుసటేడు నేను తీరం దగ్గరి ఒక బ్రాంచిలో ఉన్నాను. ఈ తీరాన చేపలు పట్టే జనాన్ని ఒడియావాళ్ళు నోలియాలంటారు. వాళ్ళ ఇళ్ళల్లో మాట తెలుగే. ఎండుచేపలు అమ్ముకునే ఒక ముసలామె, తుపానులో సామానంతా పోయిందని, కాటా, పెట్టెలు, కొంత సరుకు కొనుక్కోవటానికి పాతిక వేలు అప్పుకి దరఖాస్తు పెట్టుకుంది. ఫైలు నా బల్ల మీదికి వచ్చింది. అందులో విచారణకి వెళ్ళినాయన నోటు ఉంది, ఈ జనం ఒకచోట నిలవరు, సీజనుకొక తీరం మారతారు, వసూలు కష్టం అని. పక్క ఊళ్ళో వేరే ఎవరో ఎగవేసిన పాత బాకీల ప్రస్తావన ఉంది. మరొకరి సిఫార్సు ఉంది, ఇవ్వవద్దని. దరఖాస్తుదారు వివరణ రాయవలసిన గడి మాత్రం ఖాళీగా ఉంది. ఆమెకి చదువు రాదు, ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. సంతకం పెట్టాను, ఇవ్వటానికి వీల్లేదని.

వారం తరవాత ఆమే వచ్చింది. కొంగున కట్టుకున్న పాసుబుక్కు విప్పి బల్ల మీద పెట్టింది. నాలుగేళ్ళుగా నెల తప్పకుండా కట్టిన చీటీ డబ్బు, వేసిన మొత్తం ముద్రలతో సహా అందులో ఉంది. “బాబూ, తమరూ మనోళ్ళేనంట గదా” అంది తెలుగులో. బ్రాంచిలో నలుగురూ చూస్తున్నారు. మన భాషవాళ్ళకి చేసుకున్నాడని రేపు అంటారేమోనన్న భయం నాకు. ఆమె తెలుగులో అడిగినదానికి నేను ఒడియాలో జవాబు చెప్పాను. గుండ్రటి ‘ఒ’తో, ఒక్క తప్పు దొర్లకుండా. ఆమె నా మొహంకేసి ఒక క్షణం చూసింది. పాసుబుక్కు మళ్ళీ కొంగున కట్టుకుని వెళ్ళిపోయింది. తరవాత ఆమె మా బ్రాంచి మెట్టెక్కలేదు.

నేను మూడేళ్ళు కష్టపడి లేకుండా చేసుకున్న ఆ క్షణం ఆమె కళ్ళల్లో మళ్ళీ చూశాను. ఈసారి పైవాణ్ణని గుర్తుపట్టింది మనావిడే. ఆ తరవాతే డ్రాక్యులా రెండోసారి చదివాను. కుర్రవాడా, అందుకే నాకు అది ఉత్త కథ కాలేదు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. అయితే కౌంటు నిర్దోషి అంటావా అని. అనను. ఆ ముసలామెకీ కౌంటుకీ పోలిక కట్టటం లేదు. ఆమె చేసిన తప్పు లేదు, కౌంటు చేసినవి చాలా ఉన్నాయి. కోటలోని ఆడ పిశాచాలకి గోనెసంచిలో పసిబిడ్డని తెచ్చి పడేసినవాడు, బిడ్డ కోసం వచ్చిన తల్లి మీదికి తోడేళ్ళని ఉసికొల్పినవాడు నిర్దోషి ఎలా అవుతాడు? నేను పోల్చేది రెండు ఫైళ్ళని మాత్రమే. దోషి ఫైల్లో అయినా సంజాయిషీ ఉండాలి. లేకపోతే మనకి అలవాటయిపోతుంది. రేపు నిర్దోషి ఫైలు వచ్చినప్పుడు ఆ గడి ఖాళీగా ఉందని మన కంటికి ఆనదు.

సంజాయిషీ అంటే విడుదల ఉత్తర్వు కూడా కాదు. 1976లో ఆన్ రైస్ అనే అమెరికా రచయిత్రి, ఒక వాంపైరు ముందు టేపు రికార్డరు పెట్టి అతని కథ అతని నోటే చెప్పించింది. మంచిదే అనుకున్నాను. కాని ఆ నవల చివర, అంతా విన్న కుర్రవాడు నన్నూ నీలాగే చెయ్యమని బతిమాలుకుంటాడు. వినటం అంటే మనస్సు పారేసుకోవటం కాదు. చచ్చినవాళ్ళ లెక్క కూడా అదే ఫైల్లో ఉండాలి. ఒక పక్క వినకుండా చంపటం, మరో పక్క విని మురిసిపోవటం. రెండింట్లోనూ తీర్పు చెప్పే పని ఎగ్గొట్టటమే ఉంది.

డ్రాక్యులాలో ఈ సంగతి తెలిసిన మనిషి మీనా ఒక్కతే. కౌంటు చేతిలో అందరికన్నా ఎక్కువ బాధపడిందీ ఆమే, లోంబ్రోసో పేరు ఎత్తిందీ ఆమే. అయినా, ఈ ఘోరాలు చేసినవాడి స్థితే అన్నిటికన్నా దైన్యమైనదని, అతని మీద ద్వేషంతో కాక జాలితో ఈ పని చెయ్యమని మగవాళ్ళని బతిమాలుతుంది. రేపు తనకీ ఆ జాలి కావలసి రావచ్చునంటుంది. చివర కౌంటు దుమ్మయిపోయే క్షణంలో అతని మొహాన శాంతి కనిపించిందని నమోదు చేసిందీ ఆమే. నా లెక్కలో ఈ పుస్తకాన్ని నిలబెట్టేది వేట కాదు, ఆ అభ్యర్థన. మాస్టారు చెప్పినట్టు పుస్తకాన్ని బీరువాలోంచి తీసేస్తే ఆ అభ్యర్థనా పోతుంది. కుర్రవాడు చెప్పినట్టు సరదాకి చదివితే అది వినపడనే వినపడదు.

మాస్టారికి ఇంకొక్క మాట. రిచర్డ్ బర్టన్ అనే ఇంగ్లీషాయన 1870లో మన బేతాళ కథలని తన భాషలో వేస్తూ బేతాళుడికి వాంపైరు అని పేరు పెట్టాడు. పేరు పెట్టాడే గాని తేడా చెప్పలేదు. మన బేతాళుడు శవంలో ఉంటాడు, చెట్టుకి వేలాడతాడు, భయపెడతాడు. కాని మాట్లాడతాడు. విక్రమార్కుడు అతన్ని భుజాన వేసుకుని, దారి పొడుగునా వింటాడు, అడిగినదానికి తీర్పు చెబుతాడు. అలా విన్నందుకే, తనని పంపిన భిక్షువు తన ప్రాణానికే ఎసరు పెట్టాడన్న రహస్యం ఆ శవం నోట తెలుసుకుని బతికి బయటపడతాడు. చందమామలో ఏళ్ళ తరబడి ఆ కథలు చదివి పెరిగినవాళ్ళం మనం. దెయ్యాన్ని సైతం వినాలని మనకి ఎవరో కొత్తగా నేర్పనక్కర్లేదు.

కాబట్టి మాస్టారూ, డ్రాక్యులా మన బీరువాలో ఉండనివ్వండి. కుర్రవాడా, నువ్వు దాన్ని ఇంకొక్కసారి చదువు. ఈసారి భయం ఎక్కడ పుట్టిందో చూడటంతోపాటు, ఎవరి కాగితం ఫైల్లో లేదో కూడా చూడు. వచ్చే ఆదివారం టీ మా ఇంట్లో. ఇద్దరూ రండి. ఇద్దరి సంజాయిషీ వింటాను, నాదీ వినండి.